నడుమునకు చేవ: పిలాటీస్ వ్యాయామ పాఠము

విద్యార్థులారా!

పెద్ద మ్రానును కోసినప్పుడు దాని మొదలును మీరు చూచియుందురు. పైన బెరడు, దాని లోపల లేతకొయ్య, నట్టనడుమ ముదురు రంగు గల గట్టి భాగము కనబడును. ఆ గట్టి భాగమునకు మన పూర్వులు పెట్టిన పేరు చేవ. ద్వారబంధమునకు కొయ్య నేరుకొను వడ్రంగి మొట్టమొదట చూచునది చేవయే. చేవ లేని కొయ్య ఎంత లావుగా నున్నను చెదలకు ఆహారమగును. ఈ మాటనే మనము మనుష్యులకును వాడుకొనుచున్నాము. సత్తువయు నిలకడయు గలవానిని చేవ గలవాడందుము.

నేడు వ్యాయామ శాస్త్రమున “కోర్” అను ఆంగ్ల పదము విరివిగా వినబడుచున్నది. శరీరపు నడిమి భాగమును నిలబెట్టు కండరముల సముదాయమునకు ఆ పేరు. దీనికి తెలుగున ఏ మాట తగునని ఆలోచింపవలసిన అగత్యము మాకు గత సంవత్సరము కలిగినది. ఆ సంగతి మొదట చెప్పి, పిమ్మట పాఠములోనికి ప్రవేశింతుము.

1. ఈ పాఠము పుట్టిన విధము

మన హోసూరు ప్రాంతము కూరగాయలకును గులాబీలకును పేరు పొందినది. మన విద్యార్థులలో పలువురు తెల్లవారుజామున తల్లిదండ్రులకు తోడుగా తోటపని చేసి, పిమ్మట బడికి వచ్చువారే. గత సంవత్సరము పదవ తరగతిలో నట్టి బాలుడొకడుండెను. వాడు ప్రతిదినము టమాటా పెట్టెలను బండి కెక్కించి బడికి వచ్చెడివాడు. దీపావళి సెలవులు గడచిన పిమ్మట వాడు నిటారుగా కూర్చుండలేక, బల్లపై మోచేయి మోపి, ఒక ప్రక్కకు వ్రాలి పాఠము వినుచుండుట మేము గమనించితిమి. సోమరితనమని తలచి ఒకనాడు పదిమంది యెదుట మందలించితిమి. వాడు మారు పలుకలేదు. తరగతి ముగిసిన పిదప మా వెంట వచ్చి, జేబులో మడిచి పెట్టుకొన్న కాగితమొకటి తీసి చూపినాడు. నడుము నొప్పికై ఆసుపత్రికి పోగా అచ్చట నిచ్చిన వ్యాయామముల కాగితమది. ఒక వైపు ఆంగ్లము, మరియొక వైపు తమిళము. తమిళమును వాడు చదువగలడు. కాని అందును ఆ ముఖ్యపదము ఆంగ్ల రూపముననే యుండెను.

“అయ్యవారూ, ఈ కోర్ అంటే ఏమి? దాన్ని బిగించమని రాసినారు. అది ఎక్కడుందో తెలీకుండా ఎట్ల బిగించేది?” అని వాడడిగెను. “నేను పెట్టెలెత్తకపోతే నాయన కూలిమనిషిని పెట్టుకోవల్ల. అట్లయితే చెల్లెలిని బడి మానిపిస్తారేమో” అని కూడ మెల్లగా చెప్పెను.

ఆ ప్రశ్నకు మేము వెంటనే బదులు చెప్పలేకపోతిమి. కారణ మరయక మందలించినందులకు సిగ్గుపడితిమి. ఇన్ని యేండ్లుగా తెలుగు చెప్పుచు, మన నడుమును నిలబెట్టు దానికి ఒక మాట చెప్పలేకపోయినందులకు అంతకంటె నెక్కువగా సిగ్గుపడితిమి. మేము ఉపాధ్యాయ శిక్షణ పొందినది పొరుగు రాష్ట్రమున, చిత్తూరు జిల్లాలో. అచ్చట ప్రతి ఉదయము డ్రిల్లు చేయించెడివారు. లెక్క తప్పకుండ చేయుట నేర్చితిమేగాని, ఏ కండరము ఏ పని చేయుచున్నదో మేమడుగలేదు, వారు చెప్పలేదు. పిమ్మట ఒక వేసవిలో జవాబు పత్రముల కట్ట నెత్తబోయి నడుము పట్టుకొని, పదునొకండు దినములు మంచము దిగలేని స్థితి మాకే కలిగినది. అప్పుడు కూడ నొప్పి తగ్గిన వెంటనే మరచితిమి. ఈ బాలుడు మరువనీయలేదు. వానికై చదివినది, నేర్చుకొనినది, చేసి చూచినది ఇచ్చట వ్రాయుచున్నాము.

2. చేవ కండరము లెవ్వి?

మానవుని వెన్నెముకలో పుట్టుకతో 33 వెన్నుపూసలుండును. పెద్దవారిలో అడుగున నున్న 5 పూసలు కలసి ఒకే యెముకగాను, వాని క్రింది 4 పూసలు సాధారణముగా కలసి తోకయెముకగాను మారును. విడివిడిగా కదలునవి 24. వీనిలో మెడయందు 7, రొమ్ము వెనుక 12, నడుము నందు 5. రొమ్ము వెనుకనున్న పూసలకు ప్రక్కటెముకల పంజరము ఊతగా నున్నది. నడుము నందలి 5 పూసలకు అట్టి పంజరము లేదు. తల, చేతులు, రొమ్ము, వీపున వ్రేలాడు సంచి, నెత్తిన నున్న బిందె మొదలగువాని బరువంతయు ఆ అయిదింటి మీదనే పడును.

మీరు ఏడుపెంకులాట ఆడుదురు గదా! పెంకుల దొంతి ఎంత చక్కగా పేర్చినను బంతి తగిలిన వెంటనే కూలును. నడుమునందలి పూసలు అట్టి దొంతియే. అది కూలక నిలుచుటకు చుట్టునున్న కండరములే కారణము. అవి ఏవనగా:

మొదటిది, పొట్ట ముందుభాగమున రొమ్ముటెముక నుండి కటిదాక నిలువుగా సాగు నిటారు కండరము. శరీరము పలుచనైనవారికి పొట్టపై పలకలు పలకలుగా కనబడునది ఇదియే.

రెండవది, మూడవది, ప్రక్కల నున్న ఏటవాలు కండరములు. వీనిలో బయటి పొర ఒక వాలున, లోపలి పొర దానికి ఎదురు వాలున ఉండును. మంచపు నులక ఎట్లు అడ్డదిడ్డముగా అల్లబడి బలము పొందునో ఇవియు నట్లే. మొండెమును మెలిత్రిప్పుటకును ప్రక్కకు వంచుటకును ఇవి తోడ్పడును.

నాలుగవది అన్నింటికంటె లోపలి పొర. ఇది నడుము చుట్టును అడ్డముగా చుట్టుకొని యుండును. బస్తాలు మోయు హమాలీలు పని మొదలిడుటకు ముందు తలగుడ్డను విప్పి నడుమునకు దట్టిగా బిగించుట మీరు సంతలో చూచియుందురు. ప్రకృతి మన చర్మము లోపల కట్టిన దట్టి ఈ అడ్డ కండరము. కావున దీనిని దట్టి కండరమని పిలుతము.

అయిదవది, వెనుక వైపున పూసను పూసతో ముడివేయు చిన్న చిన్న కండరములు. ఇవి కంటికి కనబడవు, చేతికి తగులవు.

ఆరవది పైమూత. రొమ్మునకును పొట్టకును నడుమ గొడుగువలె నుండు ఉదరవితానము. ఊపిరి పీల్చినప్పుడు క్రిందికి దిగునది ఇదియే. ఏడవది అడుగు. కటి యెముకల నడుమ ఉయ్యాలవలె వ్రేలాడి, లోపలి యవయవములను మోయునది.

మూత, అడుగు, చుట్టుగోడ, మూడును గట్టిగా నున్నప్పుడే కాగు కాగగును. పొట్ట ముందుభాగమును మాత్రమే బలపరచి తక్కినవానిని విడిచిపెట్టువాడు, ఒక గోడను మాత్రమే సున్నముతో కట్టి తక్కిన మూడు గోడలను మట్టితో కట్టినవానివంటివాడు.

ఇందొక విశేషము. 1996వ సంవత్సరమున ఆస్ట్రేలియా దేశమున పాల్ హాడ్జెస్, కెరొలిన్ రిచర్డ్‌సన్ అను పరిశోధకులు, మనుష్యులు చేయి నెత్తునప్పుడు పొట్ట కండరము లెప్పుడు పని మొదలిడునో కొలిచిరి. ఆరోగ్యవంతులలో చేయి కదలుటకు ముందే దట్టి కండరము బిగుసుకొనెను. మాటిమాటికి నడుము నొప్పి వచ్చువారిలో ఆ బిగింపు ఆలస్యమయ్యెను. అనగా ఆరోగ్యముగల శరీరము, మనము చెప్పకయే, బరువెత్తుటకు ముందు హమాలీవలె దట్టి కట్టుకొనును. నొప్పి గల శరీరము ఆ క్రమమును మరచును. అయితే ఈ యొక్క కండరమే సర్వమును కాదనియు, అన్నియు కలసి పనిచేసినప్పుడే నడుము నిలకడగా నుండుననియు పిమ్మటి పరిశోధకులు సరిదిద్దినారు.

3. జోసెఫ్ పిలాటీస్ వృత్తాంతము

ఈ కండరములను ఏకముగా సాధన చేయించు పద్ధతులలో పిలాటీస్ పద్ధతి యొకటి. ఇది ఒక మనుష్యుని పేరు.

జోసెఫ్ పిలాటీస్ 1883వ సంవత్సరము డిసెంబరు నెలలో జర్మనీ దేశమున మొన్షెన్‌గ్లాడ్‌బాఖ్ అను పట్టణమున పుట్టెను. బాల్యమున ఉబ్బసము, ఎముకలు మెత్తబడు వ్యాధి, కీళ్ళవాత జ్వరము తన్ను పీడించెనని చెప్పుకొనెడివాడు. రోగపీడితుడైన ఆ బాలుడు తన శరీరమును తానే చక్కదిద్దుకొనవలెనని పూనుకొని, కుస్తీ, ముష్టియుద్ధము, కసరత్తు మొదలగువానిని అభ్యసించెను.

1912 ప్రాంతమున అతడు ఇంగ్లండునకు పోయెను. 1914లో మొదటి ప్రపంచ యుద్ధము వచ్చినది. శత్రుదేశస్థుడగుటచేత ఆంగ్లేయులు అతనిని నిర్బంధించి, మొదట లాంకాస్టరునను, పిమ్మట మాన్ ద్వీపమునందలి నాకేలో శిబిరమునను ఉంచిరి. ఆ శిబిరమున ఇరువది వేలకు పైగా జర్మనులు మొదలగువారు ముళ్ళకంచెల నడుమ ఏండ్ల తరబడి కాలము గడపిరి. పని లేక, ఆశ లేక, శరీరములు క్షీణించు చోట పిలాటీస్ తోటి బందీలకు వ్యాయామము నేర్పెనని చెప్పుదురు. మంచము విడువలేని రోగులకు మంచపు స్ప్రింగులనే సాధనములుగా అమర్చి కసరత్తు చేయించెననియు, ఆ పద్ధతి వాడుకొను యంత్రములకు అదియే బీజమనియు పలువురు వ్రాసినారు. కథలో కొంత కల్పన చేరియుండవచ్చును. ఈ వ్యాయామమున కధికమైన చోటు గాని, విలువైన సామగ్రి గాని అక్కరలేదనుట మాత్రము సత్యము. బందిఖానాలో చేయదగినది మన యింటి వసారాలో చేయరాదా?

యుద్ధానంతరము అతడు జర్మనీకి తిరిగి వచ్చి, 1926లో అమెరికాకు పోయెను. న్యూయార్కు నగరమున ఎనిమిదవ అవెన్యూలో తన సహచరి క్లారాతో కలసి వ్యాయామశాల నెలకొల్పెను. నాట్యము చేయువారు నడుమును చీలమండలను నొప్పించుకొని అతనియొద్దకు వచ్చెడివారు. జార్జి బాలంచీన్, మార్తా గ్రాహమ్ వంటి ప్రసిద్ధ నాట్యాచార్యులు తమ శిష్యులను అతని యొద్దకు పంపిరి. తన విద్యకు అతడు పెట్టిన పేరు కంట్రాలజీ, అనగా నియంత్రణ శాస్త్రము. 1945లో తాను ప్రచురించిన గ్రంథమున, చాపపై చేయదగిన 34 వ్యాయామములను చిత్రములతో వివరించెను. 1967లో, తన 83వ యేట న్యూయార్కున మరణించెను. పిమ్మట క్లారా ఆ శాలను కొంతకాలము నడపెను. 2000వ సంవత్సరమున అమెరికా న్యాయస్థాన మొకటి, పిలాటీస్ అనునది యోగము, కరాటే వలె ఒక వ్యాయామ పద్ధతికి సామాన్య నామమేగాని, ఒకరి సొత్తు కాదని తీర్పు చెప్పినది. నాటి నుండి ఎవ్వరైనను ఆ పేరుతో నేర్పవచ్చును.

4. ఆరు సూత్రములు

అతని మరణానంతరము, 1980లో అమెరికాలో వెలువడిన ఒక గ్రంథమున, ఈ పద్ధతి సారమును ఆరు సూత్రములుగా కూర్చిరి. అవి: కేంద్రము, ఏకాగ్రత, అదుపు, కచ్చితము, ఊపిరి, ఒరవడి.

ప్రతి కదలికయు నడుము నుండి పుట్టవలెను, ఇది కేంద్రము. చేయుచున్న పని మీదనే మనస్సు నిలుపవలెను, ఇది ఏకాగ్రత. కాలు విసరరాదు, ఎత్తవలెను, పడవేయరాదు, దింపవలెను, ఇది అదుపు. పది మారులు అడ్డదిడ్డముగా చేయుటకంటె నాలుగు మారులు సరిగా చేయుట మేలు, ఇది కచ్చితము. శ్రమపడునప్పుడు ఊపిరి బిగబట్టరాదు, ఇది ఊపిరి. ఒక భంగిమ నుండి మరియొక దానికి కుదుపు లేక సాగవలెను, ఇది ఒరవడి.

చేతివ్రాత నేర్చినవారికి ఈ సూత్రములు క్రొత్తవి కావు. పలకపై “అ” దిద్దునప్పుడు మీరు పాటించిన నియమములే యివి. మన తాలింఖానాలలో దండీలు, బస్కీలు తీయించిన వస్తాదులును శ్వాసను, నిలకడను గూర్చి శిష్యులను హెచ్చరించెడివారే. వ్యాయామము ఏ దేశమున పుట్టినను శరీరధర్మము ఒక్కటియే.

5. అభ్యసింపదగిన ఆరు వ్యాయామములు

34 వ్యాయామములలో కొన్ని మిక్కిలి కఠినములు. వానిని నేర్చిన గురువు లేక చేయరాదు. ప్రారంభకులకు తగిన వానిని, నేటి శిక్షకులు మొదట నేర్పు రెండింటితో చేర్చి, ఇచ్చట చెప్పుచున్నాము. నేలపై మందమైన చాపయో, మడిచిన దుప్పటియో పరచుకొనవలెను. భోజనమైన రెండు గంటలకు గాని మొదలిడరాదు.

(అ) ఊపిరి. వెల్లకిల పరుండి, మోకాళ్ళు మడిచి, పాదములు నేల నానించుము. అరచేతులను ప్రక్కటెముకలపై నుంచుము. ముక్కుతో ఊపిరి పీల్చునప్పుడు ప్రక్కటెముకలు ఇరువైపులకు విచ్చుకొనవలెను. నోటితో మెల్లగా విడుచునప్పుడు బొడ్డును వెన్ను వైపునకు మృదువుగా లాగికొనుము. లంగా బొందె ముడివేయునంత బిగువు చాలును; ఊపిరాడనంత కూడదు. దట్టి కండరము ఎక్కడ నున్నదో తెలిసికొనుటకు ఇదియే మార్గము. ఒక్కమారు దగ్గినచో అది బిగుసుకొనుట చేతికి తెలియును. ఇది ఎనిమిది మారులు.

(ఆ) వంతెన. అదే భంగిమ నుండి, ఊపిరి విడుచుచు, తోకయెముక మొదలుకొని ఒక్కొక్క పూసను నేల నుండి ఎత్తుచు భుజములదాక లేచుము. మోకాళ్ళు, కటి, భుజములు ఒకే వాలున నుండవలెను. ఊపిరి పీల్చి నిలుపుము. విడుచుచు పై పూస మొదలుకొని ఒక్కొక్కటిగా దింపుము. ఆరు మారులు.

(ఇ) ఒంటికాలి చాపు. వెల్లకిల పరుండి రెండు మోకాళ్ళను రొమ్ము వైపునకు తెచ్చి, తల భుజములు కొంచెము ఎత్తుము. ఒక మోకాలిని చేతులతో పట్టుకొని, రెండవ కాలిని ముందుకు చాపుము. పిమ్మట మార్చుము. చాపిన కాలు ఎంత క్రిందికి దిగిన శ్రమ అంత హెచ్చు. నడుము నేల నుండి విల్లువలె లేచినచో కాలు మరీ దిగినదని గ్రహించి పైకెత్తుము. కాలికి అయిదు మారులు.

(ఈ) ఈత. బోరగిల పరుండి చేతులు ముందుకు చాపుము. కుడిచేతిని ఎడమకాలిని, పిమ్మట ఎడమచేతిని కుడికాలిని కొలదిగా ఎత్తి దింపుము. చూపు నేలపై నుండవలెను, మెడ విరుచుకొనరాదు. ఇది వెనుక కండరములకు. పుస్తకముపై వంగియుండు మీకు ఇది మిక్కిలి అవసరము. ఇరువది లెక్క.

(ఉ) చాపచుట్ట. వెల్లకిల పరుండి చేతులు తల వెనుకకు చాపుము. చేతులు పైకి తెచ్చి, గడ్డము రొమ్మువైపు వంచి, చాప చుట్టినట్లు ఒక్కొక్క పూసను నేల నుండి లేపుచు కూర్చుండి, చేతులు పాదములవైపు చాపుము. తిరిగి చాప విప్పినట్లు పరుండుము. కుదుపుతో లేచినచో ఫలము లేదు. మొదట లేవలేనివారు మోకాళ్ళు మడిచి, తొడల వెనుక పట్టుకొని చేయవచ్చును. నాలుగు మారులు.

(ఊ) నూరు. పిలాటీస్ తన గ్రంథమున మొట్టమొదట చెప్పిన వ్యాయామ మిదియే. కాని మీకు చివరగా చెప్పుచున్నాము. వెల్లకిల పరుండి మోకాళ్ళను మడిచి గాలిలో నిలుపుము. తల భుజములు ఎత్తి, చేతులను ప్రక్కల చాచి, నీటి నుపరితలమును తట్టినట్లు జానెడెత్తున పైకి క్రిందికి ఆడింపుము. అయిదు లెక్కకు ఊపిరి పీల్చి, అయిదు లెక్కకు విడువవలెను. ఇట్లు పదిమారులు చేసిన నూరగును. మొదటి దినము ఇరువది చాలును. వారమునకు కొంచెముగా పెంచుము. మెడ నొప్పించినచో తలను దింపి చేయుము.

ఇవన్నియు కలసి ఇరువది నిమిషములకు మించవు. వారమునకు మూడు దినములు, దినము విడిచి దినము చేయవలెను. బాలికలారా! ఆటస్థలమున మాకు చోటు లేదని మీరు మాతో పలుమారులు చెప్పియున్నారు. ఆ ఫిర్యాదు న్యాయమైనదే. దానిని మేము ప్రధానోపాధ్యాయుల యెదుట ఉంచియున్నాము. అంతదాక ఈ వ్యాయామమునకు మైదానము అక్కరలేదు. చుడీదారు, ఒక చాప, తలుపు మూసిన గది చాలును.

6. జాగ్రత్తలు, హద్దులు

ఏ విద్యకైనను హద్దు చెప్పుట గురువు ధర్మము. పొట్ట వ్యాయామము చేసినంతమాత్రమున పొట్టమీది కొవ్వు కరగిపోదు. శరీరము కొవ్వును ఒకచోట నుండి ఏరి తీసికొనదు. కండరము బలపడుట వేరు, కొవ్వు తగ్గుట వేరు.

పిలాటీస్ నడుము నొప్పికి సర్వరోగ నివారిణియును కాదు. 2015లో పరిశోధకులు, 510 మంది పాల్గొన్న 10 పరీక్షలను కూర్చి పరిశీలించిరి. ఏమియు చేయక ఊరకుండుటకంటె పిలాటీస్ చేయుట నొప్పిని తగ్గించునని తేలినది. కాని తక్కిన వ్యాయామములకంటె ఇది మిన్న యనుటకు తగిన ఆధారము దొరకలేదు. కావున యోగాసనములు చేయువారు మానవలసిన పని లేదు. నచ్చినదానిని విడువక చేయుటయే ముఖ్యము. ఐదేండ్ల నుండి పదునేడేండ్ల వయస్సు గలవారు దినమునకు సగటున 60 నిమిషములు శరీరమునకు శ్రమ కల్పింపవలెననియు, వారమున కనీసము మూడు దినములు కండరములను బలపరచు వ్యాయామము చేయవలెననియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించినది. పై ఇరువది నిమిషములు అందొక భాగము మాత్రమే. పరుగు, కబడ్డీ, సైకిలు త్రొక్కుట విడువకుడు.

నొప్పి కాలిలోనికి ప్రాకినను, పాదము తిమ్మిరెక్కినను, రాత్రి నిద్రపట్టనంత బాధయున్నను, జ్వరముతో కూడినను వ్యాయామము మాని వైద్యుని చూడవలెను. శస్త్రచికిత్స జరిగినవారును, గర్భిణులును, గిలక జబ్బు గలవారును వైద్యుని అడుగక చేయరాదు. కండరము అలసిన నొప్పి వేరు, గ్రుచ్చినట్లుండు నొప్పి వేరు. రెండవది కలిగిన వెంటనే ఆపుడు.

7. చాపమీద నేర్చినది బ్రతుకులో వాడుకొనుట

ఇరువది నిమిషములు నడుమును కాపాడి, తక్కిన దినమంతయు దానిని హింసించినచో ప్రయోజనమేమి? పెట్టె నెత్తునప్పుడు నడుము వంచక, మోకాళ్ళు మడిచి కూర్చుని, పెట్టెను రొమ్మునకు దగ్గరగా లాగికొని, ఊపిరి విడుచుచు లేవుడు. బరువు చేత నుండగా మొండెము మెలిత్రిప్పక పాదములనే త్రిప్పుడు. బిందెను ఎల్లప్పుడు ఒకే ప్రక్క చంక నెత్తక ప్రక్క మార్చుడు. వీలైనచో ఒక పెద్ద బిందెకు బదులు రెండు చిన్న బిందెలు రెండు చేతుల మోయుడు.

బడి సంచి బరువు విద్యార్థి శరీరపు బరువులో పదవ వంతునకు మించరాదని భారత ప్రభుత్వపు 2020 నాటి బడిసంచి విధానము చెప్పుచున్నది. 45 కిలోల విద్యార్థి సంచి నాలుగున్నర కిలోలు దాటరాదు. ఇంటి తూకముపై ఒకమారు పెట్టి చూడుడు. సంచి పట్టీలు రెండును భుజములపై నుండవలెను. ఒకే భుజమున వ్రేలాడవేయుట దొరతనముగా తోచవచ్చును గాని, మీ ఐదు పూసలకు అది సమ్మతము కాదు.

8. ముగింపు

ఆ బాలుని సంగతి మీరు అడుగుదురు. వానికి ఒక్క వారములో నయము కాలేదు. మేము వాని తండ్రిగారి యింటికి పోయి మాటలాడితిమి. వారు కోపపడుదురని భయపడితిమి, కాని ఆయన, “వాడు నొప్పని మాకెప్పుడూ చెప్పలేదే!” అని చిన్నబోయిరి. పెద్ద పెట్టెలను ఇద్దరు కలసి ఎత్తునట్లును, పరీక్షలు ముగియువరకు వానిచే బరువు మోయింపకుండునట్లును ఏర్పాటు చేసికొనిరి. వాడు మా పాఠశాల వసారాలో, మాతో కూడ చాప పరచుకొని, వారమునకు మూడు సాయంకాలములు అభ్యసించెను. మొదటి దినము నూరులో ఇరువది పూర్తిచేయుటకు మేము ఇద్దరమును ఆయాసపడితిమి. మూడవ నెలకు వాడు నిటారుగా కూర్చుని పాఠము వినెను. వ్యాయామముచేతనా, బరువు తగ్గుటచేతనా, వయస్సుచేతనా అని మేము తీర్పు చెప్పజాలము. బహుశః మూడును కలసియుండును. పరీక్షలు వ్రాసెను. ఉత్తీర్ణుడయ్యెను. వాని చెల్లెలు ఈ యేడు మన తొమ్మిదవ తరగతిలోనే యున్నది.

విద్యార్థులారా! మన చుట్టును వేరు భాషలున్నవి. వానిని నేర్చుకొనుడు, వానివలన మేలేగాని కీడు లేదు. కాని మీ శరీరమును గూర్చి, మీ నొప్పిని గూర్చి మీ భాషలో మీకు తెలియవలెను. పేరు తెలిసిన కండరమునకే ఆజ్ఞ యీయగలము. ఇక నెవరైనను మిమ్ము “కోర్ బిగించు”మన్నచో తెల్లబోవకుడు. చేవ యెచ్చట నున్నదో మీకిప్పుడు తెలియును.

అభ్యాసము

1. నడుమునందలి పూసలకు కండరముల ఊత ఏల యధికముగా కావలసియున్నది?
2. దట్టి కండరమునకు ఆ పేరు ఏల తగినది? 1996 నాటి పరిశోధనవలన ఏమి తెలిసినది?
3. పొట్ట వ్యాయామముచేత పొట్టమీది కొవ్వు కరగుననుట సరియగునా? కారణము చెప్పుము.
4. నీ బడి సంచిని తూచి, నీ శరీరపు బరువులో అది ఎన్నవ వంతో లెక్కకట్టుము.
5. మీ యింటిలో బరువు లెత్తువారిని ఒక దినము గమనించి, వారికి నీవు చెప్పదగిన మాటలను పది వాక్యములలో వ్రాయుము.